నాలుగు గోడల నడుమ పిల్లల ఛాయాచిత్రములు: కటకమును ఎన్నుకొను విధము

(భివండి పద్మానగరమున మన సంఘము వారి ఆదివార గోష్ఠిలో చేసిన ప్రసంగపాఠము)



ఈనాటి విషయము వినుటకు మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. సాంచాలు నడచుటయే కష్టముగానున్న దినములలో కెమెరా కటకమును గూర్చి ప్రసంగమేల యని కొందరు మిత్రులు మమ్ము అడిగిరి. వారికి సమాధానముగా ముందు మా పొరపాటునొకదానిని ఒప్పుకొందుము.

మూడు సంవత్సరములకు పూర్వము నవంబరు 14వ తేదీన బాలల దినోత్సవమును మన హాలులో జరుపుకొంటిమి. ఆ సందర్భమునకై సభ్యుల చందాలతో ఒక కెమెరాను, దానితో 70 మొదలు 300 మిల్లీమీటర్ల వరకు సాగు పొడవైన జూమ్ కటకమును కొంటిమి. దూరముననున్నదానిని దగ్గరకు లాగునని దుకాణదారు చెప్పెను; మేము నమ్మితిమి. ఆ సాయంకాలము పిల్లలు కోలాటమాడిరి, పాటలు పాడిరి. రెండు వందలకు పైగా చిత్రములు తీసితిమి. మరునాడు చూచుకొనగా చేతులన్నియు పొగవలె నున్నవి, ముఖములు చెరిగిపోయినవి. గోడమీది గడియారము మాత్రము ముల్లుతో సహా స్పష్టముగా నున్నది.

ఆ కోలాటమునకు ముందు నడచిన బాలిక తండ్రి పని చేయుచుండిన కార్ఖానా ఆ మరుసటి నెలలో మూతపడినది. వారు కుటుంబముతో స్వగ్రామమునకు తిరిగిపోయిరి. పోవుటకు ముందు ఆ తండ్రి మా వద్దకు వచ్చి, భివండిలో బిడ్డ ఆడిన చిత్రమొకటి ఇమ్మని అడిగెను. ఇచ్చుటకు మా వద్ద ముఖము తెలియని చిత్రము తప్ప మరొకటి లేకపోయెను. చందాసొమ్ము వ్యర్థమైనదన్న విచారము కంటె ఆయన రిక్తహస్తములతో మెట్లు దిగిపోవుట మాకు ఎక్కువ బాధ కలిగించినది. అటుపిమ్మట ఈ విషయమును శ్రద్ధగా నేర్చుకొంటిమి. నేర్చినదానిని మీ ముందు ఉంచుచున్నాము.

మన ఇండ్లలో పెద్దల చిత్రములు లేకపోలేదు. తాతగారు కుర్చీలో, అవ్వ ప్రక్కన నిలిచి, ఇరువురును ఊపిరి బిగబట్టినట్లు తీసిన చిత్రములు పెక్కిండ్ల గోడలపై కలవు. అట్లు బిగుసుకొని యుండుటకు కారణము గాంభీర్యము మాత్రమే కాదు. పూర్వకాలపు ఛాయాచిత్రమునకు వెలుగు చాలదు. మనిషి కదలిన చిత్రము చెడును. 1839లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైన తొలిదినములలో మనిషి నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి వచ్చెడిది. 1840లో వియన్నా నగరమున జోసెఫ్ పెట్స్‌వాల్ అను గణితాచార్యుడు మనుష్యుల చిత్రములకై ప్రత్యేకముగా నొక కటకమును లెక్కకట్టి రూపొందించెను. అది అంతకుముందున్న వానికంటె పదిరెట్లకు పైగా వెలుగును లోనికి రానిచ్చెను. నిమిషములు సెకనులైనవి. మన హైదరాబాదు నిజాము కొలువున రాజా బిరుదమందిన లాలా దీన్‌దయాళ్ గారు సికిందరాబాదులోను, 1896లో బొంబాయిలోను స్టూడియోలు నెలకొల్పిరి. అట్టి స్టూడియోలకు పగటి వెలుగే ప్రాణము. ఈ చరిత్ర సారాంశ మొక్కటే: కదలు ప్రాణిని పట్టవలెనన్న ముందు కావలసినది వెలుగు. దూరము, పెద్దతనము ఆ తరువాతివి.

ఇప్పుడు మన గదికి వత్తము. ట్యూబులైటు వెలుగుచున్న సామాన్యపు గదిలో రాత్రివేళ దాదాపు 150 లక్సుల వెలుగు ఉండుననుకొందము. కెమెరా గ్రహణశక్తిని, అనగా ఐ.ఎస్.ఓ.ను, 1600 వద్ద నిలిపితిమనుకొందము. మేము కొన్న జూమ్ కటకము పూర్తిగా సాచినపుడు దాని ద్వారము ఎఫ్ 5.6. అంత చిన్న ద్వారము గుండా చిత్రమునకు చాలినంత వెలుగు రావలెనన్న షట్టరు సెకనులో 30వ వంతు కాలము తెరచియుండవలెను. పరుగెత్తు పిల్లవాడు సెకనుకు 2 మీటర్లు పోవుననుకొనిన, ఆ 30వ వంతులో అతడు 6 సెంటీమీటర్లకు పైగా జరుగును. ముక్కు చెవి వద్దకు పోయిన చిత్రము మరెట్లుండును?

అదే గదిలో ద్వారము ఎఫ్ 2 అయినచో ఎనిమిదిరెట్ల వెలుగు లోనికి వచ్చును. షట్టరు సెకనులో 250వ వంతు చాలును. ఆ కాలములో పిల్లవాడు జరుగునది 8 మిల్లీమీటర్లు మాత్రమే. ముఖము ముఖముగా నిలుచును. ఎఫ్ సంఖ్య చిన్నదైనకొలది ద్వారము పెద్దది. ఈ తలక్రిందుల లెక్కను మరువరాదు. అందుచేత దుకాణములో మొదట అడుగవలసినది, ఎంత దూరము లాగునని కాదు, ఎఫ్ సంఖ్య ఎంతయని. 1.8 అనిన చెవి యొగ్గవలెను. 5.6 అనిన రాత్రివేళ ఇంటిలో పిల్లలకు అది పనికిరాదని గ్రహింపవలెను.

ఇచ్చట మమ్ము మోసపుచ్చిన మాట మరియొకటి కలదు. కటకములో వణుకును ఆపు సాధనమున్నది గనుక చిత్రము చెదరదని మాకు చెప్పిరి. ఆ సాధనము నిజమే, మంచిదే. కాని అది ఆపునది చిత్రము తీయువాని చేతివణుకును. ఎదుటి పిల్లవాని గంతును కాదు. గోడమీది గడియారము స్పష్టముగా వచ్చుటయు, పిల్లలు చెరిగిపోవుటయు ఇందువలననే.

రెండవ ప్రశ్న నాభ్యంతరము, అనగా 35, 50 అని కటకముపై వ్రాయు మిల్లీమీటర్ల సంఖ్య. దీనిని నిర్ణయించునది మన గది కొలత. చాళ్లలోని గదులు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్నచో అదే విశాలము. మంచము, బీరువా పోగా, గోడకు వీపు ఆనించి నిలుచున్నను బిడ్డకును మనకును నడుమ 8 అడుగులకు మించి దొరకదు. సామాన్యముగా అమ్ముడగు చిన్న సెన్సారు కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకమును తగిలించి 8 అడుగుల దూరమునుండి చూచినచో, పటములో పట్టునది సుమారు మూడుముప్పాతిక అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. బిడ్డ గంతు వేసిన తల పటము దాటిపోవును. 35 మిల్లీమీటర్ల కటకమైనచో సుమారు 5 అడుగుల 4 అంగుళముల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు పట్టును. బిడ్డయు, వాని చేతిలోని బంతియు, ప్రక్కన నవ్వుచున్న చెల్లెలును ఇముడుదురు.

కావున మన ఇండ్లకు మా సలహా: చిన్న సెన్సారు కెమెరా గలవారు 35 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 గల స్థిర కటకమును ఎన్నుకొనవలెను. సెన్సారు 36కు 24 మిల్లీమీటర్లు గల పెద్ద కెమెరా ఉన్నచో ఆ స్థానము 50 మిల్లీమీటర్ల కటకమునకు చెందును. మన హాలు వంటి చోట, వేదికకు 20 అడుగుల దూరమున కూర్చుండువారికి చిన్న కెమెరాపై 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.8 కటకము తగినది. అది సుమారు 9 అడుగుల వెడల్పు చూపును. కెమెరా కంపెనీల కటకములలో సాధారణముగా వెల తక్కువదియు ఇదియే. ఎఫ్ 2.8 స్థిరముగానుండు చిన్న జూమ్ కటకములు కొంత అనుకూలమైనవే. కాని బరువును వెలయును ఎక్కువ, వెలుగు ఎఫ్ 1.8 దానిలో సగముకంటె తక్కువ. 24 మిల్లీమీటర్ల కటకము గదినంతను చూపును గాని, బిడ్డ ముఖమునకు మరీ చేరువగా పోయినచో ముక్కు పెద్దదియై రూపు వికారమగును.

పెద్ద ద్వారమునకు మూల్యము లేకపోలేదు. ఎఫ్ 1.8 వద్ద రెండున్నర మీటర్ల దూరమున స్పష్టముగా నుండు లోతు, 50 మిల్లీమీటర్ల కటకమునకు జానెడు కంటె తక్కువ. 35 మిల్లీమీటర్ల దానికి మూరెడు కంటె తక్కువ. ముందు నిలిచిన అన్న కన్నులు తేటగా వచ్చి, వెనుక నిలిచిన తమ్ముడు మసకబారవచ్చును. ఇరువురున్నపుడు వారిని ఒకే వరుసలోనికి రానిచ్చి తీయవలెను, లేదా ద్వారమును ఎఫ్ 2.8కు తగ్గించి ఐ.ఎస్.ఓ.ను 3200కు పెంచవలెను. అందువలన చిత్రమున సన్నని నలుసులు కనబడును. కనబడనీయుడు. నలుసులున్న ముఖమును బిడ్డ అమ్మమ్మ గుర్తుపట్టును; చెరిగిపోయిన ముఖమును కన్నతల్లియు గుర్తింపలేదు.

మగ్గము నడపువారికి మరియొక విషయము సులభముగా బోధపడును. ట్యూబులైటు క్రింద సాంచా చక్రము ఒక్కొక్కప్పుడు నిలిచినట్లును, వెనుకకు తిరుగుచున్నట్లును కనబడుట మీరెరుగుదురు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. పాత చోకు ట్యూబులైటు దానివలన సెకనుకు 100 మారులు మినుకుమినుకుమనును. కొన్ని చవుక ఎల్.ఇ.డి. దీపములును అంతే. షట్టరు 250వ వంతున ఉన్నపుడు ఆ మినుకుల నడుమ చీకటి పడి, ఒక చిత్రము వెలుగుగాను మరియొకటి మసకగాను రావచ్చును. చప్పుడులేని ఎలక్ట్రానిక్ షట్టరు వాడినచో చారలును పడవచ్చును. ఒక్క క్షణమునకు ఒకే చిత్రము తీయక నాలుగైదు తీయుట, యాంత్రిక షట్టరునే వాడుట దీనికి ఉపాయము.

ఫ్లాషు వాడరాదా యని అడుగుదురు. తెల్లని స్లాబు కప్పునకు త్రిప్పి కొట్టినచో దాని వెలుగు మెత్తగా క్రిందికి దిగును, మంచిదే. రేకుల కప్పు క్రింద ఆ ఉపాయము సాగదు. నేరుగా ముఖముపై కొట్టినచో బిడ్డ కన్నులు మూసికొనును, ఆట చెడును.

కటకము కొనుటకు ముందు ఖర్చులేని పనులు రెండు కలవు. మొదటిది, పగటివేళ తలుపు తెరచి, బిడ్డలను ఆ గుమ్మము చేరువన ఆడనిచ్చుట. రాత్రి దీపము కంటె అనేకరెట్ల వెలుగు అచ్చట ఊరకే లభించును. చేతిలోని ఫోనుతోనే మేలైన చిత్రము వచ్చును. రెండవది, క్షణమును కనిపెట్టుట. ఉయ్యాల అంచునకు పోయి మరలునపుడు, గంతు పైకెక్కి దిగబోవునపుడు, బిడ్డ లిప్తపాటు నిలిచినట్లే యుండును. ఆ లిప్తను ఎరిగినవానికి 125వ వంతు షట్టరును చాలును. నాడె ఎప్పుడు ఈ కొసనుండి ఆ కొసకు చేరునో చెవితోనే ఎరుగు మనకు ఈ విద్య కష్టము కానేరదు.

ఇక కొననెంచువారు ఇట్లు పరీక్షింపుడు. కెమెరాతో వచ్చిన మామూలు జూమ్ కటకమును ఒకదినము 35 వద్ద, మరియొకదినము 50 వద్ద నిలిపి, కదల్పకుండ మీ ఇంటిలోనే పిల్లలను తీయుడు. చిత్రములు చెదరిననేమి, ఏ సంఖ్య వద్ద బిడ్డ పటములో ఇముడుచున్నదో అదియే మీ ఇంటి సంఖ్య. దానిని కాగితముపై వ్రాసికొని దుకాణమునకు పొండు. కొనుటకు ముందు దుకాణము లోపలనే, నడచు మనిషిని తీసి చూపుమని అడుగుడు. సిగ్గుపడవలసిన పని లేదు. నూలు కొనునపుడు పోగు తెంపి చూడమా?

మన సంఘము ఆ పొడవైన కటకమును నష్టమునకే అమ్మివేసి, 35, 50 మిల్లీమీటర్ల కటకములు రెండింటిని పాతవిగానే కొన్నది. వానిని బీరువాలో దాచుట మాకు ఇష్టము లేదు. గ్రంథాలయపు పుస్తకమువలె, పేరు వ్రాసి, కెమెరాతో సహా వారమునకు ఒక కుటుంబమునకు ఇయ్యదలచితిమి. నామకరణమైనను, పుట్టినదినమైనను, ఏమియు లేని ఆదివారమైనను సరియే. తీసిన చిత్రములలో రెండింటినైనను అచ్చు వేయించి, వెనుక బిడ్డ పేరు, తేదీ, స్వగ్రామము, భివండిలోని గల్లీ వ్రాసి ఉంచుకొనుడని మా ప్రార్థన. ఫోను పోవును, పగులును. ఇంటి గోడమీది చిత్రము నిలుచును.

పని కొరకు వచ్చినవారము మనము. కొందరు ఇచ్చటనే స్థిరపడుదురు, కొందరు మరలిపోవుదురు. పోవువారు రేకు పెట్టెలతోపాటు, తమ బిడ్డలు ఈ ఊరిలో నవ్విరని, ఆడిరని చూపు చిత్రమొకటి తీసికొని పోవలెను. ఇకమీదట ఏ తండ్రియు మన మెట్లు రిక్తహస్తములతో దిగిపోకుండుగాక.