ఒక పూట వంట - వారమంతా భోజనం



ఒంటరిగా ఉంటున్న మనవాళ్లు కొందరు రాత్రిపూట పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటున్నారు. ఈ వయసులో అది చాలదు, పప్పు ఉండాలి. ఉద్యోగాల నుంచి పొద్దుపోయి వచ్చే కొడుకూ కోడళ్లకూ ఇదే ఇబ్బంది.

మన ఏజెన్సీలో కోయవారు వేసవిలో రాలిన ఇప్పపువ్వును ఎండబెట్టి దాచుకుంటారు. మనకు ఫ్రీజరు ఉంది.

నేను ఆదివారం పాలు, నెయ్యి లేకుండా గోంగూర పప్పు, బొబ్బర్ల కూర వండుతాను. దించిన రెండు గంటల్లోపే చల్లార్చి, పూటకొక చిన్న డబ్బా చొప్పున, అంచుదాకా నింపకుండా, తేదీ వేసి మైనస్ 18 డిగ్రీల్లో పెడతాను. బంగాళాదుంప వేయను, పిండిపిండిగా అవుతుంది. ముందురోజు రాత్రి డబ్బాను ఫ్రిజ్ కింది అరలోకి దించి, మర్నాడు పొగలు కక్కేదాకా కాచుకుంటాను.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు కరెంటు పోతే తలుపు తీయకండి. నిండుగా ఉన్న విడి ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. కరిగి వెచ్చబడినదాన్ని వాసన బాగున్నా పారేయండి.

ఓపిక ఉన్నరోజు వండి, లేనిరోజుకు దాచుకుందాం. సెలవు.