శ్రీహరికోటలో చిన్న రాకెట్ల వేదిక

శ్రీహరికోట అనగానే మనకు పి.ఎస్.ఎల్.వి. గుర్తుకొస్తుంది. కానీ అక్కడి నుంచి తొలిసారిగా, 1971 అక్టోబర్ 9న ఎగిరింది రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్. దాని వ్యాసం 125 మిల్లీమీటర్లు, జానెడైనా లేదు!

ఇటువంటి రాకెట్లు ఉపగ్రహాలను మోయవు. పరికరాలను పైకి తీసుకెళ్ళి, పై వాతావరణపు వివరాలను రేడియో ద్వారా పంపి, సముద్రంలో పడిపోతాయి. తూర్పున బంగాళాఖాతం ఉన్న దీవి ఇందుకు అనువైనది.

వీటికి పెద్ద గోపురం అక్కర్లేదు. వాలు మార్చగల లాంచర్, దూరంగా కంట్రోల్ గది, జాడ పట్టే రాడార్, సంకేతాలు అందుకునే యాంటెన్నా ఉంటే చాలు. వాలు మార్చడం ఎందుకంటారా? చాలా చిన్న రాకెట్లకు దారి సరిదిద్దుకునే యంత్రాంగం ఉండదు. లాంచర్‌ను వదిలే క్షణంలో వేగం తక్కువ కనుక, పక్కగాలి వీస్తే తోక రెక్కలు రాకెట్ ముక్కును గాలి వచ్చే వైపుకే తిప్పుతాయి. అందువల్ల ముందుగా బెలూన్లు వదిలి గాలిని కొలిచి, కోణం సరిచేస్తారు. లెక్క తప్పితే రాకెట్ అనుకోని చోట పడుతుంది. చేపల పడవలు తిరిగే సముద్రం మరి!

2022 నవంబర్ 18న హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ రాకెట్ విక్రమ్-ఎస్ ఈ సౌండింగ్ రాకెట్ల ప్రాంగణం నుంచే లేచి, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఇలా రాకెట్ ప్రయోగించడం అదే మొదలు.