స్కోపు, ఫోను, సింగూరు పిట్టలు

మిత్రులారా, ఇంజనీరును కదా, యంత్రాల గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. ఈ ఐదు నిమిషాలు పిట్టల ఫోటోల గురించి చెబుతాను.

మన కోహీర్ వాళ్ళకు సింగూరు నీళ్ళు దూరమేం కాదు. వాటి దిగువన మంజీరా అభయారణ్యం ఉంది, 1978లో ప్రకటించారు. చలికాలంలో హిమాలయాలు దాటి చారతల బాతులు ఈ నీళ్ళకు వస్తాయి. మనం దగ్గరికి పోతే లేచిపోతాయి. అంత దూరం ఎగిరొచ్చిన పిట్టకు మేత, విశ్రాంతి కావాలి. అందుకే దూరంగా ఒడ్డున స్టాండు మీద స్పాటింగ్ స్కోప్ నిలిపి, దాని ఐపీస్‌కు ఫోను ఆనించి ఫోటో తీయడం మేలు. దీన్ని డిజిస్కోపింగ్ అంటారు. 1999 ప్రాంతంలో మలేసియాకు చెందిన లారెన్స్ పో ఈ పద్ధతికి దారి చూపారు.

లెక్క సులువే. ఫోను లెన్సు 26 మిల్లీమీటర్లకు సమానమనుకుందాం. స్కోపు 20 రెట్లకు పెడితే 520 మిల్లీమీటర్ల లెన్సు చేతికొచ్చినట్టే. 60కి తిప్పాలని అందరికీ ఆశ పుడుతుంది. కానీ ఐపీస్ నుంచి బయటికొచ్చే వెలుగు చుక్క వైశాల్యం అప్పుడు తొమ్మిదో వంతే. వెలుతురు చాలక షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది, పిట్ట చెదిరిపోతుంది.

కాబట్టి 30 దాటకండి. కదిలే పిట్టకు షట్టర్ సెకనులో 500వ వంతు ఉండాలి. నిలకడగా ఉన్నదానికి 125వ వంతు చాలు. అవసరమైతే ఐఎస్‌ఓ 800 దాకా పెంచండి. ఫోటో కాస్త గరుకుగా వచ్చినా పరవాలేదు, చెదిరినదాన్ని బాగుచేయలేం. తెల్లకొంగకు ఎక్స్‌పోజర్ మైనస్ 1 పెట్టండి, లేకుంటే ఈకలు సున్నం కొట్టినట్టుంటాయి. మెరిసే నీళ్ళమీద నీటికాకికి ప్లస్ 1. ముందు కంటితో చూసి స్కోపు ఫోకస్ సరిచేయండి, తర్వాతే ఫోను ఫోకస్. వేలు తగిలితే స్కోపు ఊగుతుంది. 2 సెకన్ల టైమర్ వాడండి. పొద్దెక్కాక వేడిగాలికి బొమ్మ అలలాడుతుంది, దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. పొద్దున్నే వెళ్ళండి.

ఒక్క మనవి. స్వర్ణోత్సవ కానుకగా మన బడికి ఒక స్కోపు, గట్టి స్టాండు కొనిద్దాం. ఫోన్లు ఇళ్ళల్లో ఎలాగూ ఉన్నాయి. ఫోటో అందంగా లేకున్నా పిట్టను గుర్తుపట్టగలిగితే చాలు. దానికి తేదీ, చోటు, ఎన్ని కనిపించాయో పిల్లలు రాసిపెడితే, పాతికేళ్ళ తర్వాత ఏ పిట్ట రావడం మానేసిందో మన బడి రిజిస్టరే చెబుతుంది. నా వంతు డబ్బు నేనిస్తాను. మొదటి ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళే పని కూడా నాదే. సెలవు.