ఇంటిస్థలము: లిఖితమును, భుక్తియును



కార్యదర్శిగారు మమ్ము విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమనిరి. ముప్పది యేండ్లు బడిలో చెప్పినదియే గదా యని, వేఱొక విషయమునకు వారి యనుమతి వేడితిమి. మనలో ననేకులు ప్రభుత్వసంస్థలు కేటాయించిన యింటిస్థలములకు సొమ్ము చెల్లించియు, స్వాధీనము లేక యేండ్ల తరబడి తిరుగుచున్నారు. వారిని గూర్చియే యీ ప్రసంగము.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములు మూడుగా చెప్పబడినవి. నేటి గృహార్థికి మొదటిది మాత్రమే దొరకుచున్నది. కేటాయింపు పత్రము పెట్టెలో నుండును; భూమి యెక్కడనో యుండును. ఢిల్లీలో 1981వ సంవత్సరపు రోహిణీ నివాసస్థలముల పథకమునకు 80,000 మందికి పైగా పేర్లు నమోదు చేసికొనిరి. వారిలో వేలకొలది జనులు ముప్పదియేండ్లు దాటినను వేచియే యుండిరి.

అంత దూరమేల? మా సహోపాధ్యాయులొకరు ఉద్యోగవిరమణమునకు ముందే యొక సంస్థవారి లేఔటులో స్థలమునకు కడపటి వాయిదా చెల్లించిరి. ఇరువురము కలిసి చూడబోతిమి. బాట లేదు, కాలువ లేదు, హద్దురాళ్లు లేవు. తుమ్మల నడుమ మేకలు మేయుచుండెను. భూమి యిచ్చిన రైతులతో వ్యాజ్యము తెగలేదని గుమాస్తా చెప్పెను. వారు నెలనెలయు ఆ కార్యాలయమునకు పోయి, బల్లయెదుట నిలిచి, తిరిగి వచ్చెడివారు. ఫిర్యాదు వ్రాసియిత్తుమన్నచో, "సర్కారువారితో మనకు వ్యాజ్యమేల, మేష్టారూ!" అనిరి. ఏడేండ్లకు వారు గతించిరి. మా వదినెగారు నేటికిని అద్దెయింటనే యున్నారు. ఆనాడు బలవంతముగానైనను వ్రాయింపమైతిమే యను నొప్పి మాకు తీరలేదు.

సర్కారువారిపై ఫిర్యాదు చెల్లదను భ్రమ 1993లోనే తొలగినది. లక్నో అభివృద్ధి సంస్థ గోమతీనగరమున ఇంటికై సొమ్మంతయు గైకొని స్వాధీనపఱుపనందున, ఒక గృహార్థి వినియోగదారుల ఫోరము నాశ్రయించెను. తాము శాసనముచే నేర్పడినవారమనియు, ఆ చట్టము తమకు వర్తింపదనియు సంస్థవారు సుప్రీముకోర్టు దాక వాదించిరి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి వారును సేవ చేయువారే యని కోర్టు తేల్చెను. మఱియు, వేధింపునకు విధించిన 10,000 రూపాయలను సంస్థ మొదట చెల్లించి, పిదప బాధ్యులైన యుద్యోగులనుండి రాబట్టవలెననెను. మాకు మిక్కిలి నచ్చిన భాగమిది. ప్రజల పన్నులసొమ్ముతో తప్పు కప్పుకొనుట యేమి న్యాయము?

పరిహార మెంత యనునది వేఱు ప్రశ్న. అందఱకు నొక్కరీతిగా నూటికి 18 వడ్డీ విధింపరాదని 2004లో గాజియాబాదు సంస్థ వ్యాజ్యమున అదే కోర్టు చెప్పెను. స్థలము చేజిక్కినవానికి పెరిగిన విలువ దక్కును. సొమ్ము మాత్రము తిరిగి వచ్చినవానికి అదియును దక్కదు గనుక పరిహారము హెచ్చుగా నుండవలెను. కావున నష్టమును చూపగలవానికే లాభము. అద్దెరసీదులను చిత్తుకాగితములని పాఱవేయకుడు. వేలములో "ఉన్నది ఉన్నట్లు" కొన్నవారికి మాత్రము ఈ చట్టము చేయూత నీయదని 2009లో చండీగఢు వ్యాజ్యమున తీర్పు వచ్చెను.

ఇప్పుడున్నది 2019 నాటి వినియోగదారుల చట్టము. గడువు రెండేండ్లు, అయితే స్వాధీనము చేయకుండుట ఎడతెగని లోపమని కోర్టులు పలికియున్నవి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా, క్రిందికి వచ్చు లేఔటులలో ఆలస్యమైన ప్రతి నెలకును వడ్డీ కోరవచ్చును. వలదనుకొన్నచో సొమ్ము వడ్డీతో తిరిగి పొందవచ్చును. కొన్నవాడు గతించినచో వారసులు ఫిర్యాదు చేయవచ్చునని వినియోగదారుల చట్టమే చెప్పుచున్నది. ఈ యొక్క ముక్క మాకు మొన్నమొన్నటి దాక తెలియదు.

రేపు ఉదయము భోజనములకు ముందు, వసతిగృహము వెనుకగదిలో, మన సంఘపు న్యాయవాదులతో గూడ మేము కూర్చుందుము. కేటాయింపు పత్రము, రసీదులు, సంస్థకు వ్రాసిన యుత్తరముల నకళ్లు తీసికొని రండు. మొదట వ్రాయబోవునది మా వదినెగారి ఫిర్యాదు.