ఇంట తొలి కళాశాల విద్యార్థి



తరతరములుగా ఎవ్వరును కళాశాల గడప త్రొక్కని యిండ్లనుండి నేడు బిడ్డలు ఇంజనీరింగు చదువులకును, భౌతిక, రసాయన, గణిత శాస్త్రముల చదువులకును పట్టణములకు పోవుచున్నారు. రైతుల బిడ్డలు, కూలివారి బిడ్డలు, నేతగాండ్ర బిడ్డలు ఇట్టివారు ప్రతి గ్రామమునందును కలరు. పరీక్ష వ్రాసి చోటు సంపాదించుకొన్నది వారు. ఫీజులో కొంతయో, అంతయో ప్రభుత్వము భరించుచున్నది. పెట్టె సర్ది బస్సెక్కించితిమి గనుక మన పని తీరినదని మనము తలంచుచున్నాము. నా మనవి యేమనగా, మన పని అప్పుడే ఆరంభమగుచున్నది.

ఈ బిడ్డలలో కొందరు నడుమనే చదువు మాని యింటికి తిరిగి వచ్చుచున్నారు. అప్పు మిగులును, పట్టము రాదు. అప్పుడు ఊరివారు, “వానికి తలకెక్కలేదు” అందురు. బుద్ధి లేనివాడైన అంతదూరము పోనేపోడుగదా! వానికి కొరతపడినది బుద్ధి కాదు. దారి తెలిసిన వారి తోడు.

ఈ మాటను కొంచెము విశదపరతును. సాలెవాని కుమారుడు పడుగు పేకల సంగతి ఏ బడిలోను నేర్వడు. మగ్గము ప్రక్కన ఆడుకొనుచునే నేర్చును. ఏ వానకు ఏ విత్తనము చల్లవలెనో రైతుబిడ్డకు ఎవ్వరును పాఠముగా చెప్పరు. అట్లే ఉపాధ్యాయుని యింటనో, ఇంజనీరు యింటనో పుట్టినవానికి కళాశాల మర్యాదలు అన్నముతోపాటు అబ్బును. నూటికి 75 వంతుల హాజరు లేనిచో పరీక్షకు కూర్చుండనీయకపోవచ్చుననియు, సంవత్సరము నడుమ జరుగు చిన్న పరీక్షల మార్కులు కడపటి లెక్కలో చేరుననియు, తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చుననియు, అధ్యాపకుని గదికి పోయి సందేహమడుగుట తప్పు కాదనియు వానికి ముందే తెలియును. మన బిడ్డకు ఈ సంగతులు చెప్పువారు ఇంట లేరు. అడిగిన నవ్వుదురేమోయని వాడు అడుగడు. నష్టము జరిగిన పిదప తెలిసికొనును.

ఈ కొరతను ఊరు తీర్చవచ్చుననుటకు ఒక నిదర్శనము చెప్పెదను. మేఘనాథ సాహా 1893లో ఢాకా నగర సమీపమున నొక కుగ్రామమున జన్మించెను. తండ్రి చిన్న దుకాణదారు. కుమారుడు దుకాణమున కూర్చున్న చాలునని ఆయన యెంచెను. పై తరగతుల బడి మరియొక గ్రామమున నుండెను. ప్రతిదినము పోయివచ్చుటకు వీలులేని దూరము. ఆ గ్రామమునందలి అనంత కుమార దాసు అను వైద్యుడు ఆ బాలునికి తన యింట తిండియు, పడుకొనుటకు చోటును ఇచ్చెను. పిదప అన్నగారు జనపనార కంపెనీలో తనకు వచ్చు 20 రూపాయల నెలజీతమునుండి 5 రూపాయలు తమ్మునికి పంపుచుండెను. ఆ బాలుడే 1920లో, నక్షత్రముల వెలుగునుబట్టి వాని వేడిమిని గణించుటకు తోడ్పడు సూత్రమును లోకమున కొసగిన మహాశాస్త్రవేత్త యయ్యెను. ఆ వైద్యుడు గణితము బోధింపలేదు, అన్న భౌతికశాస్త్ర మెరుగడు. వారు చేసినది వారి చేతనైనదే. అది లేకున్న సాహా దుకాణముననే యుండెడివాడు.

ఇక మన బిడ్డలకు కళాశాలలో ఎదురగు చిక్కులను చూతము. మొదటిది భాష. తెలుగున చదివిన బిడ్డకు ‘త్వరణము’ అన నేమో, ‘ద్రవ్యవేగము’ అన నేమో చక్కగా తెలియును. కళాశాలలో అధ్యాపకుడు ‘ఆక్సిలరేషన్’, ‘మొమెంటమ్’ అనగానే అవి ఏవో కొత్త శాస్త్రములని భ్రమించి, తనకేమియు రాదని కుంగిపోవును. వానికి రానిది శాస్త్రము కాదు, పేరు మాత్రమే. కావున ఇంటర్మీడియటు ముగిసి కళాశాల తెరచులోపల దొరకు రెండు మూడు నెలలలో ఒక పని చేయింపుడు. పాత పుస్తకములోని పారిభాషిక పదములను ఒకవైపు తెలుగున, ఒకవైపు ఇంగ్లీషున నోటుపుస్తకమున వ్రాయించి, ప్రతి పదముతోను రెండేసి వాక్యములు ఇంగ్లీషున కూర్పింపుడు. మన ఊరి బడిపంతులు ఈమాత్రము సాయము చేయగలడు. ఐ.ఐ.టి.లును, బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఆరంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పథకమున గొప్ప అధ్యాపకుల ఉపన్యాసములు ఫోనులోనే ఉచితముగ వినవచ్చును. తెలియనిచోట ఆపి, మరల వినుటకు సిగ్గుపడనక్కరలేదు.

రెండవ చిక్కు ఒంటరితనము. ఇది మన దేశమున మాత్రమే యున్నది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, బర్క్లీ నగరమునందు, 1970వ దశకము చివర యూరీ ట్రైస్మన్ అను గణితాధ్యాపకుడు ఒక వింత గమనించెను. నల్లజాతి విద్యార్థులు తమ ఊళ్ల బడులలో మేటిగా చదివి వచ్చినవారే యయ్యు, కలనగణితమున పెక్కుమంది తప్పుచుండిరి. చైనా సంతతివారు నెగ్గుచుండిరి. మొదటివారికి శ్రద్ధ లేదనియు, ఇంట ప్రోత్సాహము లేదనియు తోడి అధ్యాపకులు ఊహించిరి. ట్రైస్మన్ ఊహతో తృప్తిపడక, ఇరుతెగల వారిలో 20 మందిని చొప్పున ఎన్నుకొని, వారు చదువు తీరు దగ్గరనుండి చూచెను. శ్రద్ధకును కొరత లేదు, తలిదండ్రుల ఆశకును కొరత లేదు. భేద మొక్కటే. చైనావారు మొదట ఎవరికివారు లెక్కలు చేసికొని, సాయంకాలము ఒకచోట చేరి సమాధానములు సరిచూచుకొనుచుండిరి; ఒకరి తప్పు నొకరు దిద్దుచుండిరి; అందరికిని రాని లెక్క వచ్చినప్పుడు అది నిజముగ కఠినమైనదే యని గ్రహించుచుండిరి. నల్లజాతివారు గది తలుపు మూసికొని ఒంటరిగా శ్రమించుచుండిరి. లెక్క రాకున్న లోపము తమదేయని యెంచుచుండిరి. అప్పుడా యధ్యాపకుడు వారిని జట్లుగా కూర్చుండబెట్టి, తేలికవి గాక కఠినమైన లెక్కలే యిచ్చి, కలిసి సాధింపజేసెను. ఫలితములు మారిపోయెను.

ఇందు మనకొక పాఠము కలదు. “స్నేహితులు వలదు, గది విడువవలదు, నీ చదువు నీవు చదువుకొనుము” అని మనము బిడ్డకు చెప్పి పంపుచున్నాము. ప్రేమతో చెప్పిన మాటయే. కాని శాస్త్రవిద్యకు అది హానికరము. చెడు స్నేహము వలదనుడు; చదువునందు తోడు వలదనకుడు. వారమునకు మూడు సాయంకాలములు నలుగురు కలిసి లెక్కలు చేయుచున్నారా యని ఫోనులో అడుగుడు. ఎన్ని గంటలు చదివితివను ప్రశ్నకంటె ఈ ప్రశ్న మేలైనది.

మూడవ చిక్కు మొదటి అపజయము. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. మీరు వరి నాటినవారు. నారుమడినుండి పీకి పొలమున నాటిన పైరు వెంటనే పచ్చగా నుండునా? వారము పది దినములు వాడి, పసుపువన్నె దేలును. మూన తిరిగిన పిమ్మటగదా పచ్చబడి దుబ్బు కట్టును! ఆ పది దినములలో ఏ రైతును పైరు చచ్చినదని పీకి పారవేయడు. పలుచగా నీరు నిలిపి కాచుకొనియుండును. కళాశాలలో మొదటి సంవత్సరము అట్టిది. ఊరి బడిలో అందరికంటె ముందున్న బిడ్డ అచట ఒకటి రెండు పరీక్షలు తప్పవచ్చును. అది మూన తిరుగకముందటి వాడుదల. పైరు చచ్చుట కాదు. సప్లిమెంటరీ పరీక్ష వ్రాసి గట్టెక్కవచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు నెగ్గిరి. బోదకాలు రాకుండుటకు నేడు మన గ్రామములలో పంచిపెట్టుచున్న డైఇథైల్ కార్బమజీన్ అను మందు, తరువాతి కాలమున అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనాలయమునందు వెలువడినదే. రెండవమారు తప్పిననాడు “ఇక చాలు” అని యింటివారు ముగించియున్న మనకేమి మిగిలెడిది?

పరీక్ష తప్పి, ఇంటివారికి మొగము చూపలేక ప్రాణములు తీసికొన్న బిడ్డల వార్తలు మీరును వినియున్నారు. కావున ఫలితములు వచ్చిన దినమున మీ నోటి తొలిమాట మార్కులను గూర్చి కారాదు. “అన్నము తింటివా, నాయనా? ఎట్లున్నను ఇల్లు నీదే” అనుడు. అప్పు సంగతి, పొరుగువాని కొడుకు సంగతి ఆనాడు ఎత్తవలదు. బిడ్డ మాటలలో నిరాశ మితిమీరినట్లు తోచిన, ఆలస్యము చేయక ఎవరైనను స్వయముగా పోయి కలిసికొనుడు. 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసిన, మనసు నొచ్చినవారితో తెలుగుననే, ఉచితముగ మాటాడువారు ఏ వేళనైనను ఉందురు. ఆ సంఖ్యను గ్రంథాలయపు గోడపై వ్రాయించి యుంచుడు.

ఇక ఆడుబిడ్డల మాట. మంచి సంబంధము వచ్చినదని మూడవ సంవత్సరమున పెండ్లి చేసి, చదువు ఆపించిన తలిదండ్రులను నేనెరుగుదును. మూడేండ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరగును. పట్టము చేతికి వచ్చువరకు ఆ ప్రసంగము తేవలదని ఊరి పెద్దలు ఒక్కమాట చెప్పిన, తలిదండ్రులకు బలము చేకూరును. ఇంజనీరింగునందో, డిప్లొమాయందో చేరిన బాలికలకు ‘ప్రగతి’ యను పేర ఏటేట 50,000 రూపాయల విద్యార్థివేతనము కలదు. కుటుంబ వార్షికాదాయము 8 లక్షలకు మించని యింటినుండి ఇరువురు బాలికలవరకు దీనికి అర్హులు. ఆదాయ ధ్రువపత్రము గడువులోపల తెచ్చుకొనక పోగొట్టుకొనువారు కలరు. ఆ పత్రములు వేళకు తెప్పించుట పెద్దలు చేయదగిన పని.

అందరును ఒకే బాటన పోవలెనని లేదు. పదవ తరగతి పిదప పాలిటెక్నిక్కున మూడేండ్లు డిప్లొమా చదివి, ఈసెట్ పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. చేతిపని ముందుగా నేర్చుటచేత అట్టివారు పెక్కుచోట్ల గట్టిగా నిలుచుచున్నారు. 2008లో వెలసిన రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసరలందు, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకొరకే ఆరేండ్ల చదువు నేర్పరచినది. మొదటి రెండేండ్లును పునాది గట్టిచేయుటకే. పట్టము పిదప ‘గేట్’ పరీక్షలో యోగ్యత పొందినవారికి ఎం.టెక్. చదువునప్పుడు నెలనెలా భృతి లభించును. ఉద్యోగమిప్పింతునని ముందుగా సొమ్ము అడుగువానిని మాత్రము నమ్మకుడు. నిజమైన సంస్థ జీతమిచ్చును గాని సొమ్ము పుచ్చుకొనదు. కన్యాకుమారి జిల్లాలో రైతుకుటుంబమున పుట్టి, ప్రభుత్వ పాఠశాలలో తమిళమున చదివి, తన యింట తొలి పట్టభద్రుడైన కె. శివన్ గారు 2018 మొదలు 2022 వరకు మన అంతరిక్ష పరిశోధన సంస్థకు అధ్యక్షులై యుండిరి. మాతృభాషలో చదివినవారికి ఆ శిఖరము అందదనుట వట్టిమాట.

కడపట ఒక్క పని అప్పగించి విరమింతును. మీ గ్రామమునుండి ఇంతవరకు శాస్త్రములందును, ఇంజనీరింగునందును పట్టము పొందినవారి పేర్లు, వారేమి చదివిరో, ఇప్పుడెచట నున్నారో, వారి ఫోను సంఖ్యలేవో, వారి సమ్మతితో ఒక పుస్తకమున వ్రాయింపుడు. ముగ్గురే యున్నను సరియే. ఈ యేడు కొత్తగా కళాశాలకు పోవు ప్రతి బిడ్డను వారిలో ఒకరికి అప్పగింపుడు. నెలకొకమారు అతడు ఆ బిడ్డతో మాటాడవలెను. ఏ చిక్కున్నను మొదట అతనినే అడుగవలెను. ఇందులకు చందాలక్కరలేదు, భవనమక్కరలేదు. గ్రామమునుండి అట్టివా రొక్కరును లేకున్న పొరుగూరివారిని వేడుకొనుడు. విద్యాదానమును కాదనువారు అరుదు. నేడు వెళ్లుచున్న బిడ్డయే నాలుగేండ్లకు ఆ పుస్తకమున పేరు చేర్చుకొని, తరువాతివానికి దారి చూపును. అప్పుడు మీ ఊర ఏ బిడ్డయు దారి తెలియక వెనుదిరుగడు.