కొరియాలో మా మనవరాలి మొదటి సంవత్సరం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకునే వేదిక మీద ఈయన కొరియా సంగతి ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామంది మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు పరాయి దేశాల్లో చదువుతున్నారు. ఫోనులో అడిగితే "బాగున్నాం తాతయ్యా" అంటారు. ఆ ఒక్క మాట వెనక ఏమేం ఉంటాయో మా మనవరాలు నాకు వివరంగా చెప్పింది. అది మీతో పంచుకోమని కార్యదర్శిగారు కోరారు. చివరికి ఈ కథ మన పెన్షను దగ్గరికే వస్తుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

కొరియా మన అనంతపురం వాళ్ళకు మరీ కొత్త కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల హోటళ్ళ బోర్డుల మీద గుండ్రాలు, గీతలతో కొత్త లిపి కనిపించసాగింది. మా మనవరాలు బస్సులో పోతూ ఆ బోర్డులు చూసి "అదేం రాత తాతయ్యా?" అని అడిగేది. ఇంజనీరింగు పూర్తయ్యాక కొరియా ప్రభుత్వం విదేశీ విద్యార్థులకిచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది. వచ్చింది. 2023 ఆగస్టు చివర్లో బయలుదేరింది. ఆ స్కాలర్‌షిప్‌కు ఒక షరతు ఉంది. ముందు ఒక ఏడాది భాష నేర్చుకోవాలి. టోపిక్ అనే పరీక్షలో కనీసం మూడో స్థాయి తెచ్చుకోవాలి. అది రాకపోతే ఎం.ఎస్. తరగతిలో కూర్చోనివ్వరు. భాషా శిక్షణకు ఆమెను పుసాన్ నగరానికి పంపారు. దేశానికి ఆగ్నేయ మూల సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద రేవు పట్టణం అది.

మొదటి వారంలోనే ఫోను చేసి, "తాతయ్యా, బోర్డులు చదవడం వచ్చేసింది" అంది. నేను నమ్మలేదు. తర్వాత ఆమె విడమరచి చెప్పింది. ఆ లిపి పేరు హంగుల్. 15వ శతాబ్దంలో సెజోంగ్ అనే రాజు దాన్ని చేయించాడు. 1443లో తయారైంది, 1446లో ప్రజలకు ప్రకటించారు. అంతకు ముందు చీనా అక్షరాలతోనే రాసేవారు. అవి పండితులకే తప్ప పామరులకు అందేవి కావు. సామాన్యుడు తన మాట తాను రాసుకోవాలన్నది రాజు సంకల్పం. మొదట 28 అక్షరాలు, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24. హల్లులకు నోటిలో నాలుక, పెదవులు, గొంతు ఉండే తీరునుబట్టి రూపం కల్పించారు. కంఠ్యాలు, తాలవ్యాలు, ఓష్ఠ్యాలు అని వరుసగా చదువుకున్న మనకు ఈ పద్ధతి చప్పున అర్థమవుతుంది. అక్టోబరు 9న అక్షరాల పేరిట ఆ దేశంలో సెలవు ఇస్తారు. మన సెలవుల జాబితాలో ఎన్నో చూశాం గాని అక్షరాలకు సెలవు మాత్రం చూడలేదు!

వాక్యం కూడా మన వాక్యంలాగే నడుస్తుందట. కర్త, కర్మ, చివర క్రియ. అమ్మను "అమ్మా" అన్నట్టే "ఒమ్మా" అంటారు, నాన్నను "అప్పా" అంటారు. ఈ పోలికలు చూసి హల్బర్ట్ అనే అమెరికన్ పాద్రీ 1905లో కొరియన్ భాషను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక వ్యాకరణమే రాశాడు. ఆ చుట్టరికాన్ని నేటి భాషా పండితులు ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా, తెలుగు పిల్లకు ఆ పోలిక బాగా పనికివచ్చింది.

అసలు చిక్కు మర్యాద దగ్గర వచ్చింది. మనకు "రా", "రండి" ఉన్నట్టు వాళ్ళకు క్రియ చివర మర్యాద మెట్లు ఎన్నో ఉన్నాయి. అందుకే పరిచయమైన కాసేపటికే వయసు తెలుసుకుంటారు. ఒక్క ఏడాది పెద్దయినా "అక్కా" అనాలి. మన పలకరింపులాగే వాళ్ళూ "అన్నం తిన్నావా?" అంటారు. ఒకనాడు మా పిల్ల హాస్టలు కాపలా చూసే పెద్దాయనను స్నేహితురాలిని అడిగినట్టే "బాప్ మొగొస్సొ?" అని అడిగేసింది. పక్కనున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దల అన్నానికి మాటే వేరు. వాళ్ళు తినేది "బాప్" కాదు, "జిన్జి". క్రియ కూడా మారుతుంది. ఆ పెద్దాయన నవ్వి, సరైన వాక్యం మూడుసార్లు పలికించి వదిలాడట. తరగతిలో నేర్చింది మరిచిపోయినా అది మాత్రం మరిచిపోలేదంది. పెద్దలకు ఏదైనా రెండు చేతులతో ఇవ్వడం, భోజనం దగ్గర పెద్దవారు చెంచా ఎత్తేదాకా ఆగడం ఇవన్నీ ఒకటొకటిగా పట్టుబడ్డాయి.

వయసు మాట వచ్చింది గనుక ఒక సరదా సంగతి. అక్కడి పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒక ఏడు. ఆపైన ప్రతి జనవరి ఒకటిన అందరికీ ఒక ఏడు పెరుగుతుంది. 2023 జూన్ 28 నుంచి చట్టరీత్యా పుట్టినరోజు లెక్కే చెల్లుతుందని మార్చారు. ఆ పాత లెక్క మన సర్వీసు రిజిస్టర్లలో ఉండివుంటే మనలో చాలామంది ముందుగానే ఇంటికి వెళ్ళేవాళ్ళం!

ఇక తిండి. మా ఇంట్లో మాంసం ముట్టరు. పుసాన్ చేపలకు పేరుపడిన ఊరు. "మాంసం తీసేయండి" అనే వాక్యం ముందు నేర్చుకుంది. మాంసం తీసేస్తారు గాని పులుసు ఎండు చేపలతో కాచిందై ఉంటుంది. వాళ్ళ ఊరగాయ కిమ్చీలో సాధారణంగా చేపల రసమో, రొయ్యల ఉప్పో కలుపుతారు. తొలి నెలల్లో అన్నం, ఎండబెట్టిన సముద్రపు నాచు, ఇక్కడినుంచి పంపిన పప్పులపొడితో గడిపింది. కిమ్చీ పెట్టే తీరు మాత్రం ఆమెకు నచ్చింది. చలి ముదరకముందు ఇంటిల్లిపాది, ఇరుగుపొరుగు కూడి కోసుగడ్డకు కారం పట్టించి ఏడాదికి సరిపడా పెడతారు. దాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో ఆ ఆచారాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆవకాయ రోజులు గుర్తుకొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయంది.

అన్నిటికన్నా కష్టమైన రోజు చూసోక్ పండుగ. పంట ఇంటికొచ్చే వేళ పున్నమినాడు వస్తుంది. 2023లో సెప్టెంబరు 29న వచ్చింది. మనకు ఆరోజు భాద్రపద పూర్ణిమ. వాళ్ళూ పితృదేవతలకు కొత్త బియ్యంతో నైవేద్యం పెడతారు. నువ్వులు నింపిన అర్ధచంద్రాకారపు బియ్యప్పిండి కుడుములు పైన్ చెట్టు ఆకులమీద ఆవిరికి ఉడికిస్తారు. ఊళ్ళకు ఊళ్ళు కదిలిపోతాయి. హాస్టలు ఖాళీ. చాలా దుకాణాలు మూత. ఆ రాత్రి ఫోనులో, "తాతయ్యా, నేను వచ్చేస్తా" అంది. ఇంట్లో అందరూ తలా ఒకటి చెప్పబోయారు. నేను, "రావాలనిపిస్తే రా. తలుపు తీసే ఉంటుంది. ఈ పండుగ వెళ్ళాక నిర్ణయించుకో" అన్నాను. పండుగ వెళ్ళాక హాస్టలు పెద్దాయన ఇంటినుంచి ఆ కుడుములు ఒక డబ్బా తెచ్చిచ్చాడట. మాంసం లేదని ముందే చెప్పి మరీ ఇచ్చాడు. ఆ తర్వాత తిరిగి వచ్చే మాట ఎత్తలేదు.

శీతకాలంలో బొమోసా అనే బౌద్ధాలయానికి వెళ్ళింది. క్రీ.శ. 678లో కట్టించారని చెబుతారు. అక్కడి భోజనంలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మెతుకు మిగల్చకుండా తిని, గిన్నె నీళ్ళతో తొలిచి ఆ నీళ్ళే తాగాలి. ఆరు నెలల్లో మొదటిసారి ఏ అనుమానం లేకుండా కడుపునిండా తిన్నానంది.

ఇక మన సంగతికి వస్తున్నాను. పుసాన్‌లో 65 ఏళ్ళు నిండినవారికి మెట్రో రైలు ఉచితం. సియోల్‌లో ఈ వసతి 1984 నుంచి ఉంది. పెట్టె చివర వృద్ధులకు ఉంచిన సీట్లు, ఎంత రద్దీలోనైనా కుర్రవాళ్ళు కూర్చోక ఖాళీగానే ఉంటాయట. 2020 మార్చిలో మన రైల్వే రాయితీ ఆగిపోయిన సంగతి తలుచుకుని నేను, "అదృష్టవంతులమ్మా" అన్నాను. అప్పుడామె, "పూర్తిగా వినండి తాతయ్యా" అంది.

వాళ్ళ హాస్టలున్న ఎత్తు వీధిలో తెల్లవారుజామున డెబ్భై, ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు తోపుడుబండ్లతో అట్టపెట్టెలు, చిత్తుకాగితాలు ఏరుకుంటారట. కిలోల లెక్కన అమ్ముకుంటారు. మొదటిసారి చూసి నమ్మలేకపోయిందట. అంత గొప్ప దేశంలో 65 దాటినవారిలో నూటికి దాదాపు 40 మంది పేదరికంలో ఉన్నారని ఓ.ఇ.సి.డి. లెక్కలు చెబుతున్నాయి. ఆ కూటమి దేశాల్లో అది అత్యధికం.

కారణం వింటే మన గుండె జల్లుమంటుంది. వీళ్ళే 1950-53 యుద్ధం తర్వాత దేశాన్ని నిలబెట్టినవాళ్ళు. చేతికొచ్చినదంతా పిల్లల చదువులకు ధారపోశారు. పిల్లలే తమ పెన్షను అనుకున్నారు. జాతీయ పెన్షను పథకం 1988లోగాని రాలేదు. నగరాల్లో సొంత పనులు చేసుకునేవారికి 1999లోగాని వర్తించలేదు. అప్పటికే వయసు మళ్ళినవారికి దక్కింది స్వల్పం. 2014లో పేద వృద్ధులకు ప్రాథమిక పెన్షను పెట్టారు గాని అది పూర్తిగా సరిపోవడం లేదు. "జిన్జి" అని గౌరవంగా పిలిచినంత మాత్రాన పళ్ళెంలోకి అన్నం రాదు కదా!

ఇది చెప్పి మా మనవరాలు అడిగింది: "తాతయ్యా, మీకు పెన్షను లేకపోతే మనం ఎలా ఉండేవాళ్ళం?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మీరే ఆలోచించండి. 2004 తర్వాత ఉద్యోగంలో చేరిన మన పిల్లలకు మనలాంటి పాత పెన్షను లేదు. ఈ సంఘం మనకోసమే కాదు, వాళ్ళకోసం కూడా గొంతు విప్పాలి.

మనవలను పరదేశం పంపే మిత్రులకు రెండు మాటలు. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి పంపకండి. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, వెతికి, శ్రద్ధగా దరఖాస్తు చేయించండి. రెండోది, పండుగ రోజున మీరే ఫోను చేయండి. అక్కడ మనకన్నా మూడున్నర గంటలు ముందు, రాత్రి పొద్దుపోయాక చేసి నిద్ర లేపకండి.

మా మనవరాలికి మరుసటి వేసవిలో మూడో స్థాయి వచ్చింది. ఎం.ఎస్.లో చేరింది. హాస్టలు పెద్దాయనకు రెండు చేతులతో మన వేరుశనగ చిక్కీ డబ్బా ఇచ్చి మరీ పుసాన్ వదిలింది.