మ్యూజియం సగం మూసేశారా? టికెట్ కొనేముందు ఈ నాలుగు చూడండి

ఈ ఎపిసోడ్ ట్రావెల్ టిప్స్ లాగే ఉంటుంది, కానీ ఇది నేను చేసిన ఒక తప్పు గురించి. మీరు చేయకూడదని చెప్తున్నా.

మా నాన్న తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ముప్పై ఏళ్లు ఒకటే పాఠం, బాబిలోన్ నగరం, నీలిరంగు ఇటుకలతో కట్టిన ఇష్తార్ గేటు. బోర్డు మీద సుద్దముక్కతో గేటు గీసేవారు, నీలం సుద్ద దొరికితే ఇంకా సంతోషం. ఆ గేటు ఇప్పుడు ఇరాక్‌లో లేదు, బెర్లిన్‌లో ఉంది. జర్మన్లు 1899 నుంచి తవ్వకాలు చేసి, ఇటుక ముక్కలు పెట్టెల్లో తెచ్చి, ఒక్కొక్కటీ అతికించి పెర్గమాన్ మ్యూజియంలో నిలబెట్టారు. ఎత్తు సుమారు 14 మీటర్లు.

నేను అప్పట్లో మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. నాన్నని 2023 సెప్టెంబర్‌లో రమ్మన్నా. ఆఫీసులో రిలీజ్ ఉందని నేనే డిసెంబర్‌కి మార్చా. "మ్యూజియం ఎక్కడికి పోతుంది నాన్నా, డిసెంబర్‌లో తాపీగా చూద్దాం" అన్నా.

మ్యూజియం ఎక్కడికీ పోలేదు. కానీ 2023 అక్టోబర్ 23న పూర్తిగా మూసేశారు. అది ముందే ప్రకటించారు కూడా. నేను చూడలేదు, అంతే.

డిసెంబర్ చలిలో కంచె బయట నిలబడి ఫోన్‌లో అఫీషియల్ సైట్ తెరిచా. నాన్న పక్కనుంచి తొంగి చూసి, "2037 అని ఉందే, అదేంటి బుజ్జీ, ఫోన్ నంబరా?" అన్నారు. గేటు ఉన్న దక్షిణ భాగం మళ్లీ తెరిచే సంవత్సరం అని చెప్పా. ఆయన ఒక్క నిమిషం ఆగి, "అప్పటికి నాకు ఎనభై" అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది అనిపించింది.

ఇంతకాలం ఎందుకు అంటారా? ఆ బిల్డింగ్ కట్టింది 1910 నుంచి 1930 మధ్యలో, నది ఒడ్డున మెత్తటి నేల మీద. తర్వాత యుద్ధంలో దెబ్బతింది. లోపలున్నవి పెట్టెలో సర్దేసే బొమ్మలు కావు, గోడలంత వస్తువులు. అందుకే వాటిని అక్కడే ఉంచి, చుట్టూ పని చేస్తున్నారు. భాగాలు భాగాలుగా చేస్తారు కాబట్టి తెరిచే తేదీలు కూడా వేరువేరు. పెర్గమాన్ ఆల్టర్, ఇస్లామిక్ కళల మ్యూజియం ఉన్న ఉత్తర భాగం 2027లో తెరవాలని ప్లాన్. ఇష్తార్ గేటుకి మాత్రం 2037 దాకా ఆగాలి.

సో, ఆ రోజు నేను నేర్చుకున్నవి చెప్తా.

ఒకటి. మ్యూజియం పేరు కాకుండా వస్తువు పేరు వెతకండి. మీరు దేనికోసం వెళ్తున్నారు? ఆ ఒక్క వస్తువు ఏ గదిలో ఉంది, ఆ గది తెరిచి ఉందా? మ్యాప్‌లో "ఓపెన్" అని కనిపిస్తే మెయిన్ డోర్ తెరిచి ఉందనే అర్థం. లోపల మీకు కావాల్సిన గదికి తాళం ఉండొచ్చు. చాలా పెద్ద మ్యూజియంలు ఏ గదులు ఎప్పుడు మూసి ఉంటాయో సైట్‌లోనే పెడతాయి.

రెండు. వారం సెలవు చూడండి. పారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం సెలవు. మన సాలార్‌జంగ్‌కి శుక్రవారం. రిపేర్ల టైంలో ఈ సెలవు కూడా మర్చిపోతే రెండు దెబ్బలు.

మూడు. మూసిన దాని తోబుట్టువులు ఎక్కడున్నాయో చూడండి. బెర్లిన్‌లో ఆ మ్యూజియం దగ్గర్లోనే పెద్ద పనోరమా ఉంది. ఆర్టిస్ట్ యాదిగార్ అసీసీ క్రీ.శ. 129 నాటి పెర్గమాన్ నగరాన్ని 360 డిగ్రీల్లో చూపించారు, కొన్ని అసలు శిల్పాలు కూడా అక్కడ పెట్టారు. పక్కనే నోయెస్ మ్యూజియంలో నెఫర్‌టీటీ తల ఉంది. రెండూ చూశాం. నాన్నకి నచ్చాయి, కానీ ఆయన వచ్చింది వాటికోసం కాదు.

రాత్రి హోటల్లో వెతికితే దొరికింది. ఆ గేటుకి వెళ్లే దారి గోడల మీద దాదాపు 120 సింహాలు ఉండేవి. వాటిలో ఒకటి లూవ్ర్‌లో ఉంది. లూవ్ర్ ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఒక్కో వస్తువు ఏ గదిలో ఉందో రాస్తారు. గది తెరిచే ఉందని చూసుకున్నాకే టికెట్లు కొన్నా. నాన్న షెంగెన్ వీసాకి ఇంకా తొమ్మిది రోజులుంది. మంగళవారం తప్పించి రైలెక్కాం.

ఆ సింహం ముందు నాన్న ఇరవై నిమిషాలు నిలబడ్డారు. "చూడు బుజ్జీ, ఒక్కో ఇటుక మీద సింహంలో చిన్న ముక్కే ఉంటుంది. విడిగా కాల్చి, తర్వాత పేర్చారు" అని క్లాసులో చెప్పినట్టే గట్టిగా చెప్తుంటే పక్కవాళ్లు తిరిగి చూశారు. నేను ఆపలేదు.

నాలుగోది, ఇదే ముఖ్యం. మూసే తేదీ, తెరిచే తేదీ రెండూ రాసుకోండి. పక్కన మీ అమ్మానాన్నల వయసు రాయండి. "నెక్స్ట్ టైం చూద్దాం" అనేది మన వయసుకి సరిపోయే మాట. రిలీజ్ వాయిదా పడితే ఇంకో స్ప్రింట్ ఉంటుంది. మోకాళ్లకి ఉండదు. ఆ రిలీజ్ ఏంటో నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేదు.

ఇప్పుడు నాన్న పాస్‌పోర్ట్ రెన్యూ చేయించా. ఉత్తర భాగం తెరిచారని సైట్‌లో వచ్చాకే టికెట్లు బుక్ చేస్తా, ముందు చేయను. మొన్న ఫోన్‌లో ఈ మాట చెప్తే ఆయన, "సరే, మరి 2037కి?" అన్నారు. ఏం చెప్పాలో తెలియక ఆగిపోయా. ఆయనే అన్నారు: "గేటే కదా బుజ్జీ, మెట్లు ఎక్కక్కర్లేదు. వస్తాలే."

మీ ఇంట్లో ఎవరు ఏం చూడాలనుకుంటున్నారో ఈరోజే అడగండి. తెరిచి ఉందో లేదో ఈరోజే చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.